పెదపండక్కి కరోనా ఆంక్షలు సడలించాలా? ఇటు రాత్రి 9కే కర్ఫ్యూ, అటు 18వ తేదీ దాకా లేదు

పెదబాబు, పర్లాకిమిడి
11 జనవరి 2022, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మా ఇల్లు పర్లాకిమిడిలో, పెద్దచెల్లి అత్తవారిల్లు పాతపట్నంలో. ఆటో ఎక్కితే పోసిన టీ చల్లారేలోపు చేరిపోతాం. ఈ పండక్కి మాత్రం రెండు దేశాల్లో ఉన్నట్టుంది.

మన ఒడిశాలో 7వ తేదీ నుంచి పట్టణాల్లో రాత్రి 9 నుంచి ఉదయం 5 దాకా కర్ఫ్యూ. సంక్రాంతికి నదీస్నానాలు, గుళ్ల దగ్గర గుంపులు వద్దు, ఇంట్లోనే చేసుకోండి అన్నారు. ఆంధ్రలో రాత్రి 11 నుంచి కర్ఫ్యూ అని నిన్న చెప్పారు. ఇవాళ చూస్తే, పండక్కి ఊళ్లకి వచ్చేవాళ్లకి ఇబ్బంది అని 18కి వాయిదా వేశారు. అంటే భోగి మంట అటు తెల్లవారుజామున మూడున్నరకి వేసుకోవచ్చు, ఇటు 5 కొట్టాక వేయాలి. ఎండొచ్చాక వేసేది భోగి మంటా, చెత్త తగలబెట్టడమా?

అసలు సంగతి చెప్తాను. అమ్మకి 76 ఏళ్లు, బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. కిందటేడు పండక్కి ఎవరూ రాలేదు. పెద్దలకి బట్టలు పెట్టేటప్పుడు నేనూ అమ్మా ఇద్దరమే ఉన్నాం. ఈసారి తమ్ముడు బెంగళూరు నుంచి పిల్లల్తో బయల్దేరుతున్నాడు. టెక్కలిలో ఉన్న చిన్నచెల్లి కూతురికి మే నెలలో పెళ్లయింది, కొత్తల్లుడు మొదటి పండక్కి వస్తాడు. పిలవాలా, మానాలా? మన ప్రభుత్వం కూడా ఆంధ్రలా మూడు రోజులు వదిలేస్తే ఏమవుతుంది? మీరేమంటారు?

సిల్క్ సిటీ, బరంపురం
11 జనవరి, రాత్రి 9:15

వదిలెయ్యాలి బాబుగారూ, నిస్సందేహంగా. నాకు పట్టుచీరల షాపుంది. దసరా, పెళ్లిళ్లు, పెదపండగ, ఈ మూడింటి మీదే ఏడాదంతా బతకాలి. 2020లో పెళ్లిళ్లు, దసరా రెండూ పోయాయి, 2021లో వేసవి పెళ్లిళ్లు పోయాయి. ఇప్పుడు 9కి షట్టర్ దించాలంటే ఎనిమిదిన్నర నుంచే పోలీసు విజిల్. పగలు పనికి పోయినవాళ్లు చీర కొనడానికి వచ్చేదే ఏడు దాటాక. పైగా గంటలు తగ్గించిన కొద్దీ ఉన్న గంటల్లోనే అందరూ తోసుకుంటారు. దానివల్ల రోగం తగ్గుతుందో పెరుగుతుందో పెద్దలే చెప్పాలి.

మగ్గాల వీధికి ఒకసారి రండి. నేసిన చీర నెలల తరబడి పెట్టెలోనే ఉన్న ఇళ్లు చూపిస్తాను.

ఇచ్ఛాపురం అల్లుడు
11 జనవరి, రాత్రి 9:22

ఏటి గురూ ఇది. మాది ఇచ్ఛాపురం, అత్తవారిది బరంపురం. మావయ్యగారింట్లో భోంచేసి 9 లోపు బయటపడాలంటే ఏడున్నరకే విస్తరేయమనాలి. పండగ అల్లుడు ఏడున్నరకి తింటాడా? గిరిసోల సరిహద్దు గేటు దాటితే మాత్రం సినిమా సెకండ్ షో కూడా చూడొచ్చు. వైరస్‌కి చెక్‌పోస్టు దగ్గర ఏ కార్డు చూపిస్తారో ఎవరైనా చెప్పండి.

కాఫీ తోట, కోరాపుట్
11 జనవరి, రాత్రి 9:50

మా కొటియా వాళ్ల సంగతి ఆలోచించండి మరి. ఆ ఊళ్లు మావంటే మావని రెండు రాష్ట్రాలూ కోర్టుకెక్కాయి. కిందటి ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు కూడా పెట్టింది. చాలా ఇళ్లలో రెండు రేషన్ కార్డులుంటాయి. వాళ్లు ఏ కర్ఫ్యూ పాటించాలి?

రాయగడ మాస్టారు
11 జనవరి, రాత్రి 10:05

కొటియాలో ఏదీ పాటించక్కర్లేదు నాయనా. ఒడిశా రాత్రి కర్ఫ్యూ పట్టణాలకే. హాస్యానికైనా ఉత్తర్వు చదివి రాయండి.

పెదబాబు గారూ, మీరు రెండు ప్రశ్నలు కలిపేశారు. ప్రభుత్వం సడలించాలా అన్నది ఒకటి, మీ అమ్మగారి పక్కన పదిహేను మందిని కూర్చోబెట్టాలా అన్నది ఇంకొకటి. మొదటిదానికి అవునన్నా రెండోదానికి కాదనొచ్చు.

మొదటిదానికి మన దేశంలోనే తాజా ఉదాహరణ ఉంది. కిందటి జులైలో బక్రీద్ ముందు కేరళ ప్రభుత్వం 18, 19, 20 తేదీల్లో దుకాణాలకి సడలింపు ఇచ్చింది. అప్పటికి అక్కడ పరీక్షల్లో పాజిటివ్ శాతం పదికి పైనే ఉంది. సిల్క్ సిటీ గారు చెప్పిందే అక్కడి వ్యాపారులూ చెప్పారు, అమ్మకాలు లేక చచ్చిపోతున్నామని. 20న సుప్రీంకోర్టు గట్టిగా తలంటింది. ఎవరి ఒత్తిడి వల్లా జనం ప్రాణాలతో ఆడుకోకూడదంది. అయితే అప్పటికి సడలింపు ఆఖరి రోజు కూడా వచ్చేసింది, ఉత్తర్వు కొట్టేసి లాభం లేకపోయింది. అదే నెలలో ఉత్తరప్రదేశ్ కావడి యాత్ర విషయాన్ని కోర్టు తనంతట తానే తీసుకుంటే అక్కడ యాత్ర ఆగింది. ఒక మతం పండగ, ఇంకో మతం యాత్ర, కోర్టు మాట మాత్రం ఒకటే.

మన జగన్నాథుడి సంగతి చెప్పనే అక్కర్లేదు. 2020 జూన్ 18న రథయాత్ర ఆపమన్నారు. దీన్ని జరగనిస్తే జగన్నాథుడే మనల్ని క్షమించడని ప్రధాన న్యాయమూర్తి అన్నారు. 22న షరతులతో ఒప్పుకున్నారు. 23న పూరీలో కర్ఫ్యూ పెట్టి, పరీక్షలో నెగెటివ్ వచ్చినవాళ్లు ఒక్కో రథానికి 500 మందికి మించకుండా లాగారు. భక్తులు టీవీలో చూశారు. రథమే జనం లేకుండా కదిలినప్పుడు మన భోగి మంట ఒక గంట ఆలస్యమైతే ఏం?

పెదబాబు, పర్లాకిమిడి
11 జనవరి, రాత్రి 10:20

మాస్టారూ, రథం లాగడానికి 500 మందినిచ్చారు కదా. నేను అడిగేది పదిహేను మందికే.

గజపతి జిల్లా కొండవాసి
12 జనవరి, ఉదయం 6:30

నేను ఆర్. ఉదయగిరి వైపు బడిలో పనిచేస్తున్నాను. మేం క్రైస్తవులం. మా జిల్లాలో క్రిస్మస్ ఎంత పెద్ద పండగో పెదబాబు గారికి తెలుసు. కొండ మీది ఊళ్లన్నీ దిగి చర్చికి వస్తాయి. ఇంకా మూడు వారాలు కూడా కాలేదు, చర్చిలో 50 మందికి మించకూడదన్నారు. మా సంఘంలో పెద్దవాళ్లని ఇంటి దగ్గరే ఉంచి చీట్లు వేసి లోపలికి పంపాం. జనవరి ఒకటో తేదీ ఆరాధన కూడా అలాగే. ఎవరూ సడలించమని అడగలేదు, అడిగినా ఇచ్చేవాళ్లు కాదు.

ఇప్పుడు సంక్రాంతికి వదిలేస్తే మావాళ్లకి నేనేం చెప్పాలి? సడలిస్తే అందరి పండగలకీ సడలించాలి. లేదంటే ఎవరికీ వద్దు. ఆంధ్ర చేసిన పనిలో నాకు నచ్చనిది ఇదే. కర్ఫ్యూ అవసరమని 10న అనుకున్నవాళ్లు 11న అవసరం లేదని ఎలా అనుకున్నారు? ఆ ఒక్క రాత్రిలో కేసులు తగ్గాయా?

సిల్క్ సిటీ, బరంపురం
12 జనవరి, ఉదయం 7:10

మీ మాట న్యాయమే. కానీ నిన్ననే ఒడిశాలో పంచాయతీ ఎన్నికల తేదీలిచ్చారు, ఫిబ్రవరి 16 నుంచి 24 దాకా అయిదు విడతలు. పండక్కి వద్దు, ఓట్లకి ముద్దా? నా ప్రశ్నకి కూడా ఎవరైనా జవాబు చెప్పండి.

రాయగడ మాస్టారు
12 జనవరి, ఉదయం 7:40

ర్యాలీలు నిషేధించారు, ఇంటింటికీ అయిదుగురే తిరగాలన్నారు. పాటిస్తారా అంటారా, నేను బడిలో పోలింగ్ డ్యూటీ చేసినవాణ్ణి, నవ్వొస్తుంది. ఆ మాటకొస్తే పదో తేదీ నుంచి పిల్లలకి బడి మూసి, అదే బడిని వచ్చే నెల పోలింగ్ బూత్ చేస్తారు. ఇక్కడ మీతో ఏకీభవిస్తాను.

గునుపూర్ కుర్రోడు, లండన్
12 జనవరి, ఉదయం 11:25

పుట్టింది గునుపూర్, ఉంటున్నది ఇక్కడ. ఈ చర్చ చదువుతుంటే 2020 క్రిస్మస్ గుర్తొచ్చింది, అందుకే రాస్తున్నాను. ఇక్కడివాళ్లకి క్రిస్మస్ అంటే మన పెదపండగే. పిల్లలు ఎక్కడున్నా అమ్మానాన్నల దగ్గరికి చేరాలి.

ఆ ఏడాది నవంబర్ 24న ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్ నాలుగూ కలిసి ఒక మాట అనుకున్నాయి. డిసెంబర్ 23 నుంచి 27 దాకా అయిదు రోజులు మూడు కుటుంబాలు కలవొచ్చు, ప్రయాణాలు చేయొచ్చు అని. అందరూ టికెట్లు కొనేశారు. డిసెంబర్ 15న బ్రిటిష్ మెడికల్ జర్నల్, హెల్త్ సర్వీస్ జర్నల్ రెండూ కలిసి, ఇది తొందరపాటు, జనం ప్రాణాల మీదికొస్తుంది అని సంపాదకీయం రాశాయి. ఆ రెండు పత్రికలూ వందేళ్లకు పైబడిన చరిత్రలో కలిసి రాయడం అది రెండోసారట. అయినా ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు.

తర్వాత 19న, శనివారం సాయంత్రం, ప్రధాని టీవీలోకి వచ్చి లండన్, ఆగ్నేయ ప్రాంతాల్లో పండగ కలయికలు పూర్తిగా రద్దు, మిగతా ఇంగ్లండ్‌లో 25 ఒక్క రోజే అన్నారు. కొత్త రకం వైరస్ వేగంగా పాకుతోందన్నారు. అర్ధరాత్రి నుంచి అమలు. ఆ రాత్రి సెయింట్ పాంక్రాస్ స్టేషన్ చూడాల్సింది. ఊరు దాటిపోవాలని పెట్టెలు పట్టుకుని జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. జనవరి 4న మళ్లీ లాక్‌డౌన్ ప్రకటించారు. క్రిస్మస్ వల్లే అంతా అయిందని నేననను, ఆ కొత్త రకం ముందు నుంచే పెరుగుతోంది.

నాకు కోపం తెప్పించింది సడలించడం కాదు, సడలించకపోవడమూ కాదు. ముందు ఆశపెట్టి, ఆఖరి నిమిషంలో లాక్కోవడం. ముందే వద్దని ఉంటే మా పక్కింటి ముసలాయన కొడుకు కోసం గదికి రంగులు వేయించి ఉండేవాడు కాదు. బాబుగారూ, మీ తమ్ముడికి ఇవాళే ఏదో ఒకటి తేల్చి చెప్పండి. 13న బస్సెక్కాక కాదు.

ఇచ్ఛాపురం అల్లుడు
12 జనవరి, మధ్యాహ్నం 12:02

మూడు కుటుంబాలంటే మనకి కుదరదు గురూ. మా మావయ్యగారింట్లో వంటింటికే మూడు కుటుంబాలున్నాయి.

వార్డు సిస్టర్, గంజాం జిల్లా
12 జనవరి, మధ్యాహ్నం 3:30

నైట్ డ్యూటీ దిగి పడుకుని ఇప్పుడే చూశాను. ఎవరూ అడగని ఒక మాటతో మొదలుపెడతాను. 2020 మేలో సూరత్ నుంచి రైళ్లలో మన గంజాం కుర్రాళ్లు వేలకు వేలు దిగారు. మరమగ్గాలు మూతపడి, అద్దె కట్టలేక, తిండికి లేక వచ్చారు. పరీక్షలో నెగెటివ్ వస్తేనే రానివ్వాలని హైకోర్టు అంటే మర్నాడే సుప్రీంకోర్టు ఆపింది. ఊళ్లలో బళ్లనే క్వారంటైన్ కేంద్రాలు చేశారు. జూన్, జులై వచ్చేసరికి రాష్ట్రంలో కేసులన్నిటికీ మా జిల్లాయే ముందు. జులై 17 నుంచి నెలాఖరు దాకా గంజాంతో పాటు ఖుర్దా, కటక్, జాజ్‌పూర్‌లకి, రూర్కెలాకి పూర్తి లాక్‌డౌన్ పెట్టారు. వార్డులో ఆ నెల ఎలా గడిచిందో రాయను.

కాబట్టి "ఇంటికి రావద్దు" అని చెప్పడం నాకు తేలిక కాదు. ఇంటికి రాకపోతే ఏమవుతారో కూడా చూశాను. కిందటేడు పండక్కి ఎవరూ రాలేదని పెదబాబు గారు రాశారు. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు తిండి తగ్గించేస్తారు, మాత్రలు మానేస్తారు. అదీ రోగమే.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. నన్నడిగితే కర్ఫ్యూ గురించి ఇంత గొడవ అనవసరం. భోగి మంట బయట వేస్తారు, గాలి ఆడుతుంది, దాని దగ్గర భయం తక్కువ. భయమంతా తర్వాతి గంటల్లో ఉంటుంది. చలికి తలుపులేసుకుని, ఒకే గదిలో బంతి భోజనాలు, ఆ తర్వాత పేకాట, రాత్రి ఒకే వరసలో పక్కలు. తినేటప్పుడు మాస్కు ఉండదు కదా. ఈ ఒమిక్రాన్ తగిలిన మూడు రోజులకే బయటపడుతోంది. మీ తమ్ముడు 13న బెంగళూరులో పరీక్ష చేయించుకుని నెగెటివ్ అని చూపించినా, 15న పాజిటివ్ కావచ్చు. బయల్దేరే ముందు చేసే పరీక్ష కంటే, అమ్మగారి దగ్గర కూర్చోబోయే రోజు ఉదయం చేసుకునేదే పనికొస్తుంది. మందుల షాపుల్లో ఇంటి కిట్లు దొరుకుతున్నాయి, ఒక్కోటి 250. అది కూడా తప్పు చూపించొచ్చు, నెగెటివ్ వచ్చిందని మీద పడి ముద్దులు పెట్టుకోకండి.

అమ్మగారికి రెండో డోసు ఎప్పుడు వేశారు?

పెదబాబు, పర్లాకిమిడి
12 జనవరి, సాయంత్రం 4:10

ఏప్రిల్ మొదటి వారంలో సిస్టర్. అదేం లెక్క?

వార్డు సిస్టర్, గంజాం జిల్లా
12 జనవరి, సాయంత్రం 4:25

అరవై దాటి షుగర్, బీపీ లాంటివి ఉన్నవాళ్లకి మొన్న 10 నుంచి ముందుజాగ్రత్త డోసు మొదలైంది. రెండో డోసు వేసి 39 వారాలు దాటాలి. ఏప్రిల్ మొదటి వారం అంటే దాటేసింది. రేపే తీసుకెళ్లండి. పండగ నాటికి పూర్తిగా పనిచేయదు, అయినా ఆలస్యం చేయకండి. తమ్ముడి పిల్లల్లో 15 దాటినవాళ్లుంటే వాళ్లకీ 3 నుంచి వేస్తున్నారు.

సూరత్ మగ్గం
12 జనవరి, రాత్రి 7:55

సిస్టర్ రాసిన ఆ రైల్లో వచ్చినవాణ్ణి నేను. మాది ఛత్రపురం దగ్గర. వచ్చిన రోజు ఊరి బయట బళ్లో పడుకోబెట్టారు, మా అమ్మ గోడ అవతల నిలబడి అన్నం కేరేజీ పెట్టి వెళ్లేది. ఊళ్లో కొందరు మమ్మల్ని చూసి తలుపులేసుకున్నారు. కోపం లేదని చెప్పను.

ఒక మాట అడుగుతాను. కార్లలో, విమానాల్లో పండక్కి వచ్చేవాళ్లకి సడలింపు కావాలా వద్దా అని ఇంత చర్చ జరుగుతోంది. పొట్ట చేత్తో పట్టుకుని వచ్చినప్పుడు మా కోసం ఎవరూ చర్చ పెట్టలేదు. ఈసారి నేను రావడం లేదు. సూరత్‌లో మిల్లు నడుస్తోంది, వస్తే మళ్లీ ఎక్కడ ఇరుక్కుంటానో తెలీదు.

గజపతి జిల్లా కొండవాసి
12 జనవరి, రాత్రి 8:15

తమ్ముడూ, నీ మాటకి నా దగ్గర జవాబు లేదు.

సిల్క్ సిటీ, బరంపురం
12 జనవరి, రాత్రి 8:40

ఇది అన్యాయమైన పోలిక. అప్పుడు వ్యాక్సిన్ లేదు, మందూ తెలీదు. ఇప్పుడు రెండు డోసులు వేసుకున్నవాళ్లే ఎక్కువ. అప్పటి భయంతో ఇప్పటి షాపు మూయిస్తే ఎలా?

సూరత్ మగ్గం
12 జనవరి, రాత్రి 8:47

షాపు మూయమని నేననలేదు సేటూ. మీరు అమ్మే చీర నేసేవాళ్లలో మావాళ్లూ ఉన్నారు.

మోడరేటర్
12 జనవరి, రాత్రి 9:00

వ్యక్తిగతంగా పోవద్దు. కోడిపందేల వీడియోలు, ఆవిరి పడితే వైరస్ చస్తుందన్న ఫార్వర్డులు రెండూ తీసేశాను. మళ్లీ పెట్టకండి.

పెదబాబు, పర్లాకిమిడి
13 జనవరి, ఉదయం 7:30

రాత్రంతా ఆలోచించాను. ప్రభుత్వం సడలించాలన్న మాట మీద ఇంకా ఉన్నాను. కనీసం భోగి ఒక్కరోజు తెల్లవారుజామున రెండు గంటలు ఇచ్చి ఉండాల్సింది, క్రిస్మస్‌కి కూడా అలాంటిదేదో చేయాల్సింది. కొండవాసి గారి మాట నన్ను కదిపింది. మా వీధి చివర చర్చిలో కూడా చీట్లు వేశారని నాకు తెలియనే తెలియదు.

ఇంటి సంగతి ఇలా అనుకున్నాం. తమ్ముడు వస్తున్నాడు, పిల్లలతో మేడ మీద గదిలో ఉంటాడు. కిట్లు తెచ్చాను. చెల్లెళ్లిద్దరూ పగలు వచ్చి పగలే వెళ్తారు. భోజనాలు పెరట్లో, అమ్మ విస్తరి వీధరుగు మీద. కొత్తల్లుడికి నేనే ఫోన్ చేసి కనుమ వెళ్లాక రమ్మన్నాను. అతను సరేనన్నాడు, వాళ్లమ్మగారే గట్టిగా నొచ్చుకున్నారు. మొదటి పండగ మళ్లీ వస్తుందా అని అడిగారు. రాదు మరి. చిన్నచెల్లి నాతో మాట్లాడటం లేదు.

అమ్మకి డోసుకి ఇవాళ వెళ్తున్నాం.

రాయగడ మాస్టారు
13 జనవరి, ఉదయం 8:00

అల్లుణ్ణి ఆపి తమ్ముణ్ణి రమ్మన్నారన్నమాట. బెంగళూరులో కేసులు అల్లుడి శ్రీకాకుళం కంటే ఎక్కువ కదా బాబుగారూ. ఇది వైరస్ లెక్కా, బంధుత్వం లెక్కా?

పెదబాబు, పర్లాకిమిడి
13 జనవరి, ఉదయం 8:12

అమ్మ లెక్క మాస్టారూ. చిన్నకొడుకుని చూడకుండా రెండు పండగలు ఉండలేనంది.

వార్డు సిస్టర్, గంజాం జిల్లా
13 జనవరి, మధ్యాహ్నం 1:45

అరుగు మీద విస్తరి మంచి ఆలోచన. మంచాలు దూరంగా వేయండి, మేడ మీద గది కిటికీలు తీసి ఉంచమనండి. చలేస్తే దుప్పటి ఇంకోటి ఇవ్వండి, కిటికీ మాత్రం మూయకండి.

పెదబాబు, పర్లాకిమిడి
17 జనవరి, ఉదయం 6:50

సిస్టర్, ఉన్నారా? పండగ బాగానే జరిగింది. భోగి రోజు ఉదయం తమ్ముడు, మరదలు, పిల్లలు అందరికీ నెగెటివ్. పెద్దలకి బట్టలు పెట్టేటప్పుడు మాత్రం అందరూ లోపలికి వచ్చేశారు, ఆపలేకపోయాను. నిన్న సాయంత్రం నుంచి తమ్ముడి చిన్నగుంటడికి గొంతునొప్పి, ఒళ్లు వెచ్చగా ఉంది. తొమ్మిదేళ్లవాడు, టీకా లేదు. ఇవాళ రాత్రి వాళ్లకి బెంగళూరు బస్సు. ఏం చేయమంటారు?

వార్డు సిస్టర్, గంజాం జిల్లా
17 జనవరి, ఉదయం 7:05

బస్సు టికెట్ రద్దు చేయించండి. మిగిలిన కిట్టుతో ఇప్పుడే వాడికి చూడండి. నెగెటివ్ వచ్చినా వదిలేయకుండా ప్రభుత్వాసుపత్రిలో ఆర్‌టీపీసీఆర్‌కి ఇప్పించండి. లక్షణాలు లేని కాంటాక్టులకి పరీక్ష అక్కర్లేదని 10న వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చెప్పింది గానీ, అమ్మగారి లాంటి పెద్దవాళ్లకి, జబ్బులున్నవాళ్లకి మాత్రం చేయించాలి. ఆవిడకి కూడా చేయించండి.

అమ్మగారిని ఇంకో గదిలోకి మార్చండి, అన్నం మీరొక్కరే తీసుకెళ్లండి, మాస్కుతో. ఇంట్లో ఆక్సీమీటర్ ఉందా? పూటకోసారి చూసి రాసి పెట్టండి. 93 లేదా తక్కువ వచ్చి, గంటలో మూడుసార్లు చూసినా అలాగే ఉంటే నన్ను కూడా అడక్కండి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పాతపట్నం చెల్లికి, టెక్కలి చెల్లికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. మొహమాటపడొద్దు.

పెదబాబు, పర్లాకిమిడి
17 జనవరి, ఉదయం 9:20

గుంటడికి రెండు గీతలు వచ్చాయి. ఆర్‌టీపీసీఆర్‌కి ఇద్దరికీ ఇచ్చాం, ఫలితం రావాలి. అమ్మకి 97 చూపిస్తోంది, జ్వరం లేదు. చెల్లెళ్లిద్దరికీ చెప్పాను. అల్లుడి తల్లిగారు కూడా ఫోన్ చేశారు. అమ్మ ఎలా ఉందని మాత్రమే అడిగారు.